దిగేదారి రెండో దశలో

ఈ లోకంలో ఏ సమస్యనైనా రెండు విధాలుగా వదిలించుకోవచ్చు. ఒకటి, దాన్ని పరిష్కరించడం. రెండు, దాన్ని తీసుకెళ్ళి వేరే వరుసలో నిలబెట్టడం. మొదటిదానికి డబ్బూ, బుర్రా రెండూ ఒకేసారి కావాలి కనుక, నాగరికత అబ్బిన ప్రభుత్వాలన్నీ రెండోదాన్నే నమ్ముకున్నాయి.

పెద్ద రహదారి మీద పెద్ద బండ్లకు వేరే లేన్ ఉండాలా వద్దా అన్న ప్రశ్న అలాగే పుట్టింది. పుట్టించింది కార్ల యజమానుల సంఘం. లారీలు మెల్లగా పోతున్నాయనీ, పొగ వదులుతున్నాయనీ, వాటి వెనక రాసిన నీతులు చదివీ చదివీ తమకు విరక్తి కలుగుతోందనీ వాళ్ళు మొరపెట్టుకున్నారు. రహదారుల శాఖ వెంటనే ఒక సంఘం వేసి, అందరి అభిప్రాయాలూ చెప్పమంది. కార్లవాళ్ళు కార్లలో వచ్చి చెప్పారు. లారీ డ్రైవర్లు ఆ రోజు లారీలు నడుపుతున్నారు. (హాజరు కాని వారికి అభ్యంతరం లేదని శాఖ రాసుకుంది. శాఖకు మనుషుల మీద ఎప్పుడూ సదభిప్రాయమే.)

నిజం చెప్పాలంటే నిదానాన్ని అడిగినా వద్దనేవాడు కాదు. నిదానం అంటే లారీ డ్రైవరు. అమ్మా నాన్నా పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఎవరెంత హారన్ కొట్టినా బండి వేగం పెంచడని తోటి డ్రైవర్లు ఈ పేరు పెట్టారు. మెరుపులా వచ్చి ముందుకు దూరి, దూరగానే బ్రేకు వేసే కార్లను చూసి చూసి అతని గుండె సగం అరిగిపోయింది. వేరే లేన్ వస్తోందని తెలిసిన రోజున లారీ అద్దాలు రెండుసార్లు తుడిచాడు.

లేన్ కట్టారు. రానూ పోనూ రెండు వైపులా కట్టి, పక్కనే గోడ లేపారు. గోడ ఎత్తు గురించి శాఖలో చాలా చర్చ జరిగింది. లారీ కనపడనంత గోడ కడితే గాలికి పడిపోతుందన్నారు ఇంజినీర్లు. చివరికి మనిషెత్తున కట్టారు. దానివల్ల లారీలు కనపడతాయి, వాటిలోంచి దిగి నిలబడ్డ మనుషులు కనపడరు. ఇది అందరికీ నచ్చింది.

ప్రారంభోత్సవానికి ప్రత్యేక లేన్ల సంచాలకుడు కారులో వచ్చాడు. కార్లకు ఆ లేన్‌లో ప్రవేశం లేదు కనుక రిబ్బను బయటినుంచే కత్తిరించి, చప్పట్లు కొట్టించుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. లేన్‌లో అడుగుపెట్టకుండా తిరిగి వెళ్ళగలిగిన అదృష్టవంతుడు ఆయనే అని అప్పటికి ఎవరికీ తెలియదు.

నిదానం సోమవారం పొద్దున లేన్ ఎక్కాడు. బండిలో సరుకు రహదారుల శాఖదే, ఇనుప బోర్డులు. దింపాల్సిన గిడ్డంగి కూడా అతని సొంత ఊళ్ళోనే. సరుకు దింపడం, ఇంటికెళ్ళి స్నానం చెయ్యడం ఒకేసారి అయిపోతాయని సంబరపడ్డాడు. ముందు లారీ, వెనక లారీ, మధ్యలో దూరే నాథుడు లేడు. పెళ్ళినాడు అత్తవారింట్లో కూడా తనకంత మర్యాద జరగలేదనుకున్నాడు.

సొంత ఊరు వచ్చింది. గోడకు అవతల తన ఇల్లు, ఇంటి మీద నీళ్ళ ట్యాంకు, తాడు మీద ఆరేసిన తన చొక్కా కూడా కనిపించాయి. గోడకు సందు మాత్రం కనిపించలేదు. ముందెక్కడో ఉంటుందిలే అని పోయాడు. లేదు. పోగా పోగా లేన్ చివర గుండ్రంగా తిరిగి, అతన్ని మర్యాదగా వెనక్కి తిప్పి, వచ్చిన వైపుకే పంపింది. ఆ మలుపులో పచ్చ కోటు వేసుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కోటు మీద 'లేన్ మిత్ర' అని రాసి ఉంది.

"తమ్ముడూ, దిగేదారి ఎక్కడ?" అన్నాడు నిదానం బండి నెమ్మది చేసి.

"దిగేదారి రెండో దశలో అన్నా. ఇప్పుడు మొదటి దశ నడుస్తోంది. మొదటి దశలో ఎక్కడమే."

"ఎక్కినవాళ్ళు ఏం చెయ్యాలి మరి?"

"పోతూ ఉండాలి. ఆగితే జరిమానా."

"పోయి?"

"అటు చివర కూడా ఇలాగే మలుపుంది అన్నా. భలే కట్టారు. నువ్వు స్టీరింగు తిప్పితే చాలు, అదే తీసుకొస్తుంది."

గానుగెద్దు కూడా ఎండపూట కాసేపు నిలబడుతుంది. లేన్‌లో ఆ సౌకర్యం లేదు. నిదానం అటు చివరిదాకా పోయి, ఇటు చివరిదాకా వచ్చి, తన ఇంటి ముందునుంచి పోయినప్పుడల్లా ఒక హారన్ కొట్టాడు. మూడోసారికి పెళ్ళాం స్టూలు వేసుకుని గోడ పక్కన నిలబడింది.

"ఏమండీ, ఇంటి ముందే తిరుగుతూ ఇంట్లోకి రారేం? ఎవరైనా చూస్తే మనకేదో గొడవైందనుకుంటారు!"

"దారి లేదే!"

"అలాగని తినడం మానేస్తారా? ఇంద, పట్టుకోండి!" అని భోజనం క్యారియరు గోడమీదుగా అందించింది. నిదానం ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో క్యారియరు పట్టుకుని ముందుకు సాగాడు. మర్నాటినుంచి కిందటి క్యారియరు ఇచ్చి కొత్తది తీసుకోవడం అలవాటైంది.

డీజిలుకు ఇబ్బంది రాలేదు. డీజిలు ట్యాంకర్లు కూడా పెద్ద బండ్లే కనుక అవీ లోపలే తిరుగుతున్నాయి. బియ్యం, ఉల్లిపాయలు, సబ్బులు, గ్యాస్ బండలు, అన్నీ లోపలే ఉన్నాయి. లేనిది బయటివాళ్ళకే. మొదటి రెండు రోజులూ ఖాళీ రోడ్డు మీద ఈలలు వేసుకుంటూ దూసుకుపోయిన కార్లు, మూడో రోజున పెట్రోలు లేక వరసగా నిలబడిపోయాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని కార్ల సంఘం అధ్యక్షుడు గోడ పక్కన నిలబడి వాపోతూ, అవతలి లారీలోంచి అరకిలో ఉల్లిపాయలు బేరమాడాడు. ('వరసలో నిలిచిన కార్లకు వేరే లేన్ ఉండాలా వద్దా' అని శాఖ ఇంకో సంఘం వేసినట్టు వినికిడి.)

ఇదంతా నిదానానికి నవ్వులాటగానే ఉండేది, శుక్రవారం లేకపోతే. శుక్రవారం అతని కూతురికి పెద్ద బండి లైసెన్సు పరీక్ష. పరీక్షకు ఎవరి బండి వాళ్ళే తెచ్చుకోవాలి. ఆ అమ్మాయి నడకకన్నా ముందు గేర్లు నేర్చుకుందని ఇంట్లో చెప్పుకుంటారు. పాల డెయిరీలో ట్యాంకరు నడిపే ఉద్యోగం ఖాయమైంది, నెలాఖరులోగా లైసెన్సు చూపిస్తే చాలు. చూపించకపోతే ఆ సీట్లో కూర్చోడానికి మేనేజరు బావమరిది ఇప్పటికే కూలింగ్ గ్లాసులు కొనుక్కున్నాడు. శుక్రవారం తప్పితే మళ్ళీ తేదీ దొరికేది వర్షాకాలం దాటాకే.

"నాన్నా, బండి తెస్తావు కదా?" అని ఫోన్లో అడిగింది.

"తెస్తానమ్మడూ, కళ్ళముందే ఉన్నాను కదా," అన్నాడు నిదానం. ఎంతెంత దూరాలో తోలిన మనిషి, తన గుమ్మం దాకా తోలుకోలేకపోతున్నాడు.

నిష్క్రమణల విభాగానికి ఫోన్ చేశాడు. (ప్రవేశాల విభాగం, నిష్క్రమణల విభాగం వేరువేరు భవనాల్లో ఉంటాయి. మొదటిది పని పూర్తిచేసి బహుమతి కూడా పుచ్చుకుంది.) ఉపసంచాలకుడు చాలా మృదువుగా మాట్లాడాడు.

"చూడు బాబూ, మేం ఏదీ గుడ్డిగా చెయ్యం. లారీలు ఎక్కడ దిగుతున్నాయో లెక్క తీసి, ఎక్కువ దిగే చోట దారి పెడతాం. మా మనుషులు సోమవారం నుంచీ లెక్కపెడుతున్నారు. ఇంతవరకు ఒక్క లారీ కూడా దిగలేదు."

"దారి లేకుండా ఎలా దిగుతాయి సార్?"

"అది నీ అభిప్రాయం. మాకు అభిప్రాయాలతో పనిలేదు, లెక్కలతో పని. దిగాలనే కోరిక లారీలకు ఉన్నట్టు ఇంతవరకు రుజువు లేదు."

"నాకుంది సార్. మా ఇల్లు పక్కనే."

"నువ్వు దిగి చూపించు, రాసుకుంటాం," అని ఉపసంచాలకుడు ఫోన్ పెట్టేశాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు ఎముక కొరుకుతున్నావా అని అడిగాడట. నిదానం శంఖం పక్కనపెట్టి కూతురికి ఉన్న సంగతి చెప్పేశాడు. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాడు. ఆ పిల్ల మాత్రం, "బండి పరీక్ష దగ్గరికి రాకపోతే పరీక్షనే బండి దగ్గరికి తెస్తాను," అంది.

శుక్రవారం పొద్దున పిల్ల గోడకు నిచ్చెన వేసి ఉంచింది. లైసెన్సు పరీక్షాధికారి దాని దగ్గరికొచ్చాడు. ఎందుకొచ్చాడంటే, పెద్ద బండి పరీక్ష ఇకమీదట పెద్ద బండ్ల లేన్‌లోనే జరగాలని ఆయన శాఖకు ఆ వారమే ఉత్తర్వు అందింది. పిల్ల ఆ ఉత్తర్వు చదివి ఆయనకు గుర్తుచేసింది. అప్పటికి లేన్‌లోకి ఎక్కేవాళ్ళు ఎక్కుతూనే ఉన్నందువల్ల లారీలన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ పాకుతున్నాయి. నిదానం బండి ఇంటి ముందుకొచ్చి ఇంచుమించు నిలబడింది.

పరీక్షాధికారి నిచ్చెన మొదటి మెట్టు మీద కాలుపెట్టి తీశాడు.

"ఇది గోడ. ప్రభుత్వోద్యోగి గోడలు దూకకూడదు. దారి అని బోర్డుంటే చెప్పండి, ఎక్కుతాను."

నిదానం వెనక్కి తిరిగి తన సరుకు వైపు చూశాడు. తాళ్ళు విప్పి పైనున్న బోర్డు ఒకటి తీశాడు. నీలిరంగు మీద తెల్ల అక్షరాలు, పక్కన బాణం గుర్తు: 'దిగేదారి'. రెండో దశ కోసం బోర్డుల విభాగం ముందుగానే చేయించినవి అవే. (దారులకన్నా ముందు బోర్డులు సిద్ధం కావడం ఆ విభాగానికి గర్వకారణం.) దాన్ని గోడకు తగిలించాడు.

అధికారి కళ్ళద్దాలు సవరించుకుని చదివాడు. "ఇది దిగేదారి. ఎక్కేది కాదు. అయినా తనిఖీకి వచ్చిన అధికారికి మినహాయింపు ఉంది," అని చకచకా ఎక్కి లారీలోకి దిగాడు. వెనకే పిల్ల ఎక్కింది. నిదానం సీటు ఇచ్చి పక్కకు జరిగాడు.

పరీక్ష సక్రమంగా జరిగింది. బండి కదిలించమంటే ఒక జానెడు కదిలించింది. ఆపమంటే ఆపింది. "వెనక్కి తియ్యి," అన్నాడు అధికారి.

"ఈ లేన్‌లో వెనక్కి పోకూడదు సార్."

"శభాష్. నియమం తెలుసు. వెనక్కి తీయనందుకు పూర్తి మార్కులు." అక్కడికక్కడే సంతకం పెట్టి లైసెన్సు చేతిలో పెట్టాడు. నిదానానికి కళ్ళు చెమర్చాయి. గోడ అవతల స్టూలు మీద నిలబడ్డ పెళ్ళాం కొంగుతో ముక్కు తుడుచుకుంది.

దిగేటప్పుడు అధికారికి నిచ్చెన భయం పట్టుకుంది. ఎక్కేవాడికి కింద కనపడదు, దిగేవాడికి కిందే కనపడుతుంది. నిదానం ముందు తను ఇంటివైపు దిగి, ఆయన కాళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని మెట్ల మీద పెట్టించాడు. సరిగ్గా అప్పుడే లేన్ కదిలింది. వెనకాల లారీలన్నీ ఒక్కసారిగా హారన్లు కొట్టాయి. ఆగితే జరిమానా.

"నాన్నా!" అని అరిచింది పిల్ల, స్టీరింగు పట్టుకుని.

"పోనీవే! నేను వచ్చేస్తా!" అని నిదానం నిచ్చెన ఎక్కబోయాడు. అధికారి అతని భుజం మీద చెయ్యివేశాడు. "బోర్డు చూశావా? ఇది దిగేదారి. నీకు మినహాయింపు లేదు."

ఆ నెలంతా నిదానం పగటిపూట గోడ పక్కన స్టూలు మీద నిలబడి, బండి వచ్చినప్పుడల్లా కూతురికి క్యారియరు అందించాడు. "రెండో గేరులో ఉంచమ్మా, క్లచ్చి మీద కాలు పెట్టకు," అని చెప్పేవాడు. "తెలుసులే నాన్నా. అమ్మను పచ్చడి కాస్త ఎక్కువ పెట్టమను," అని ఆ పిల్ల నవ్వుతూ పోయేది. నిదానం మాత్రం బండి మలుపు తిరిగేదాకా నవ్వి, ఆ తర్వాత స్టూలు మీదే కూలబడేవాడు. డెయిరీవాళ్ళు గడువు మరో వారం పొడిగించారు, లేన్ దిగి వస్తే చాలన్నారు. (వాళ్ళ ట్యాంకర్లు కూడా లోపలే ఉన్నాయి కనుక బావమరిదికి ఇంకా సీటు దొరకలేదు.)

నెలాఖరున శాఖ లెక్కలు వచ్చాయి. ఉపసంచాలకుడు స్వయంగా నిదానం ఇంటికి వచ్చి, చెయ్యి కలిపి మరీ చెప్పాడు.

"నువ్వన్నది నిజమే బాబూ. ఇక్కడ దిగేదారి ఉందని మా వాళ్ళు బోర్డు చూసి నమోదు చేశారు. నెలంతా లెక్కపెట్టారు. తనిఖీ అధికారిని మినహాయిస్తే దిగింది నువ్వొక్కడివే."

"చూశారా సార్! ఇప్పుడు మరి రెండో దశ..."

"అదే చెప్తున్నా. దారి ఉండి కూడా దిగింది ఒక్కడు. ఆ ఒక్కడూ లారీని లోపలే వదిలేసి దిగాడు. అంటే లారీలకు దిగే అవసరం లేదని శాస్త్రీయంగా తేలిపోయింది. రెండో దశ రద్దు. ప్రజాధనం ఎంత మిగిలిందో తెలుసా?"

అవసరం లేని బోర్డు గోడకు వేలాడితే జనం తికమకపడతారని, వెంట వచ్చిన మనుషులు దాన్ని విప్పారు. అప్పుడే పిల్ల లారీ మెల్లగా ఇంటి ముందుకొచ్చింది. బోర్డు ఏ బండిలోంచి వచ్చిందో లెక్క చూసుకుని, గోడమీదుగా జాగ్రత్తగా అందులోనే ఎక్కించి, చేరవలసిన గిడ్డంగికి చేర్చమని ఆ అమ్మాయికి చెప్పారు.