బాలనర్సయ్య బిగించిన వాల్వ్

ఆ రోజు నీళ్లు రాకముందే వాల్వ్ బిగించి తీరాలని బాలనర్సయ్య తెల్లవారకుండానే లేచాడు. బంబై కామాఠిపురాలో వాళ్లుండే గదుల వరసల చాల్ మిద్దె మీద ఆయన భార్య లక్ష్మవ్వ పెంచుకుంటున్న గోంగూర తోట దక్కాలంటే వేరే దారి లేదు. కింది నుంచి మిద్దె మీది నీళ్ల ట్యాంకుకు వెళ్లే పైపు నుంచే ఆ తోటకు ఓ రబ్బరు గొట్టం తీసి ఉంది. దాని కొస ఎప్పుడూ పేడనీళ్ల డ్రమ్ములో మునిగి ఉంటుంది. పోయిన వారం సరఫరా ఆగగానే పైపులోని నీళ్లు కిందికి జారుతూ డ్రమ్ములోని పేడనీళ్లను కూడా లాక్కుపోయాయి. మర్నాడు అవి ట్యాంకులోకి ఎక్కి, చాల్ సెక్రటరీ శంకర్రావు సబ్బు రాసుకున్న తల మీద ధారగా పడ్డాయి.

"ఇంకొక్కసారి గిట్లయితే తోట పీకి అవతల పారేస్త!" అని ఆయన ఒంటి మీది తువ్వాలుతోనే తీర్పు చెప్పేశాడు.

"ప్లంబర్ను పిలువరాదయ్యా?" అంది లక్ష్మవ్వ.

"మా తాత ఈ బంబై సగం కట్టిండే! నాకు ప్లంబర్ ఎందుకు?"

నీళ్లను వెనక్కి పోనివ్వని వాల్వ్‌ను పైపు మొదట్లో బిగించి, బాలనర్సయ్య మీసం దువ్వుకున్నాడు. నీళ్ల వేళయింది. పైపు ఓసారి బుస్సుమంది. ట్యాంకులో మాత్రం చుక్క పడలేదు.

పక్కగది వజ్రమ్మ ఖాళీ హండాతో వచ్చింది. "నర్సన్నా, నీళ్లేవి?"

తన పనితనం మీద అనుమానమన్నది ఆయన బుర్రలోకి రానే లేదు. "మునిసిపాలిటోళ్లు బంద్ చేసిన్రు" అన్నాడు ధీమాగా.

ఆ మాట మొదటి అంతస్తులో "లైను కోసేసిన్రు" అయింది. మూడో అంతస్తుకు చేరేసరికి "చాల్ ఖాళీ చేపిస్తున్రట" అయింది. పది గంటలకల్లా నలభై మంది ఆడవాళ్లు హండాలు మోగిస్తూ నీళ్ల ఆఫీసు మీదికి మోర్చాగా ఊరేగింపు కట్టారు. అందరికన్నా ముందు బాలనర్సయ్యే. "పాణీ ద్యా! నీళ్లియ్యున్రి!" అని అరిచి అరిచి ఆయన గొంతు పోయింది.

నీళ్లు ఇచ్చామని ఇంజనీరు ప్రణాలి మరాఠీలో ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. చివరికి ఆవిడే మోర్చా వెంట చాల్‌కు వచ్చి పైపు దగ్గర వంగి చూసింది.

"ఈ వాల్వ్ ఎవరు పెట్టారు? బాణం గుర్తు రోడ్డు వైపుంది. పైనుంచి కిందికి రానిస్తుంది గాని, కింది నుంచి పైకి పోనివ్వదు."

హండాల మోత ఆగిపోయింది. లక్ష్మవ్వ ఎవరివైపూ చూడకుండా మిద్దె మెట్ల కేసి చూస్తోంది. అది చూసి బాలనర్సయ్య ముందుకొచ్చాడు.

"నేనే పెట్టిన మేడం" అన్నాడు మిగిలిన కాస్త గొంతుతో. "తప్పు నాది. తోట పీకకున్రి."

ప్రణాలి వాల్వ్ తీయించి మిద్దె ఎక్కింది. డ్రమ్ములో మునిగిన గొట్టాన్ని పైకి లాగి, పేడనీళ్లకు జానెడు ఎత్తున తాడుతో కట్టింది. "ఇప్పుడు నీళ్లు ఆగినా పైపు గాలినే పీలుస్తుంది, పేడనీళ్లను కాదు. అంతే" అని చేతులు దులుపుకుంది.

సాయంత్రం శంకర్రావు అందరినీ కూర్చోబెట్టి తీర్మానం చదివాడు. "తోట మిద్దె మీదనే ఉంటది. బాలనర్సయ్య మాత్రం మిద్దె ఎక్కొద్దు, పైపు ముట్టొద్దు. ఒప్పుకునేటోళ్లు చేతులెత్తున్రి."

అందరికంటే ముందు చెయ్యెత్తింది లక్ష్మవ్వ.