అమ్మకు ఆరు తర్వాత మొగుడు

అలెగ్జాండ్రియా నగరం, మొహర్రమ్ బే పేట, ఐదో అంతస్తు నివాసి శ్రీమతి తహానీకి తక్షణం వరుడు కావలెనని ఆమె సంతానం ఏకగ్రీవంగా తీర్మానించింది. వధువు వయసు యాభై తొమ్మిది. ఈ తీర్మానం సంగతి వధువుకు చెప్పాలని సభ్యులకు తోచలేదు. తప్పులేదు. మొదటి పెళ్లప్పుడూ ఆమెకెవరూ ముందుగా చెప్పలేదు.

కారణాలు పవిత్రమైనవి. భర్త పోయాక తహానీ పగలంతా కొడుకు షెరీఫ్ పిల్లల్నీ, కూతురు రద్వా పిల్లల్నీ సాకేది. అందులో ఎవరికీ అభ్యంతరం లేదు. చిక్కల్లా సాయంత్రం ఆరు తర్వాతే. అందరూ ఉద్యోగాల నుంచి వచ్చినా ఆమె షెరీఫ్ వంటింట్లోంచి కదిలేది కాదు. గిన్నెల మూతలు తీసి చూసేది. "పెళ్లయి పదేళ్లేగా, నేర్చుకుంటావులే తల్లీ," అని కోడల్ని ఓదార్చేది. కోడలు షెరీఫ్‌తో మాట్లాడటం మానేసింది. సరిగ్గా అప్పుడే షెరీఫ్‌కు అమ్మ ఒంటరితనం గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

పెళ్లిచూపులకు మొదట వచ్చిన పళ్ల డాక్టరు వధువును వదిలేసి ఇంటిల్లిపాది పళ్లూ చూసి, ముగ్గురికి పీకాలని తేల్చి వెళ్లాడు. తర్వాత వచ్చిన రిటైర్డు హెడ్మాస్టరు ఆమెను నైలు ఉపనదుల పేర్లు అడిగాడు. ఆమె గడగడా చెప్పేసింది. సంబంధం తప్పిపోయింది.

ఆ పైన ట్రాము నడిపి రిటైరైన కామిల్ వచ్చాడు. భార్య పోయిన మనిషి. చేతిలో బస్బూసా మిఠాయి పెట్టె, పక్కన పెళ్లిపెద్దగా కూతురు నెర్మీన్. కళ్లజోడుతో ముసలిదానిలా ఉంటావని రద్వా తల్లి చేత కళ్లజోడు తీయించింది. నెర్మీన్ తండ్రి విషయంలోనూ అదే జాగ్రత్త పడింది. తహానీ సిగ్గుగా తలవంచుకుని గోడకు తగిలించిన కోటుకు షర్బత్ అందించింది. కామిల్ కిటికీ కర్టెన్ వైపు తిరిగి, ముఖంలో ఎంత కళ అని మెచ్చుకున్నాడు.

"మీ భవిష్యత్ ప్రణాళికలేమిటి బాబాయ్?" అని షెరీఫ్ గంభీరంగా అడిగాడు.

"రోజూ బీపీ మాత్ర మరిచిపోకుండా వేసుకోవాలనుంది నాయనా."

పెద్దలు, అంటే పిల్లలు, ఇద్దర్నీ మాట్లాడుకోమని బాల్కనీలోకి అనుమతించారు. అక్కడ ఇద్దరూ దొంగచాటుగా జేబుల్లోంచి కళ్లజోళ్లు తీశారు. ఒకరినొకరు తీరిగ్గా చూసుకున్నారు.

"ఆ కర్టెన్ కంటే మీరే బాగున్నారు," అన్నాడు కామిల్.

తహానీ కడుపుబ్బా నవ్వింది. ఈ మనిషి తనకు కావాలని, ఏ తీర్మానంతోనూ పనిలేకుండా, అక్కడికక్కడే నిశ్చయించుకుంది.

లోపల మాత్రం ఉపద్రవం ముంచుకొచ్చింది. కామిల్ ఇల్లు ట్రాము దారికి ఆ కొసన ఉందట. మరి పొద్దున్నే మా పిల్లల్నెవరు చూస్తారని షెరీఫ్ తెల్లబోయాడు. మా కవలల్ని స్కూలు నుంచి నాన్నే తేవాలని నెర్మీన్ లేచింది. వాదాలు ముదిరాక షెరీఫ్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మ ఆనందమే మా ధ్యేయం. కనుక ఈ వివాహం ప్రతిరోజూ సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఏడు వరకు అమల్లో ఉంటుంది. పిల్లలకు జ్వరమొస్తే తాత్కాలికంగా నిలిపివేయబడుతుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. శుభం పలికేందుకు, ఖురాన్ తొలి అధ్యాయమైన ఫాతిహా చదవడానికి అరచేతులెత్తారు. తహానీ కళ్లజోడు పెట్టుకుంది.

"ఆగరా. పిల్లల్ని గురువారం సాయంత్రం మా ఇంటికి పంపండి, శుక్రవారం తీసుకెళ్లండి. తక్కిన రోజుల్లో మీ పిల్లల్ని మీరే చూసుకోండి."

"అమ్మా, మనవల మీద ప్రేమ లేదా నీకు?"

"ఉంది కాబట్టే గురువారం రమ్మన్నాను."

కామిల్ కూతురి వైపు తిరిగి, నాదీ అదే మాటమ్మా అన్నాడు. పెద్దల చేతులు దిగిపోయాయి. ఫాతిహా వధూవరులిద్దరే చదువుకున్నారు. ఆ వారమే నికా అయింది.

భవనం యావత్తూ నివ్వెరపోయింది. ఈ వయసులో ఇదేం విడ్డూరమని రెండు రోజులు నిద్ర మానుకుంది. మూడో రోజు మధ్యాహ్నం నివాసులంతా మెట్ల దగ్గర సభ పెట్టారు. కాలం చేసిన తండ్రుల గౌరవార్థం, ఇకపై ఈ భవనంలో ఏ తల్లికీ సంబంధాలు చూడరాదని తీర్మానించారు. తల్లులెవరూ అడ్డు చెప్పలేదు. వాళ్లంతా పైన పిల్లల్ని చూసుకుంటున్నారు.

తమరు కూడా ఇంతసేపూ ప్రశాంతంగా చదువుకున్నారు. సంతోషం. పిల్లలు ఎవరి దగ్గరున్నారు?