మార్లిస్‌కి అప్పు పుట్టిన విధం

ఆ గురువారం పొద్దున మార్లిస్ ఓయెన్ పెట్టుకున్న పనులు పెద్దవేం కావు. సెమినరీలో రుణాల ఆఫీసుకు వెళ్లి ఫెడరల్ లోన్ ఎప్పుడు చేతికొస్తుందో కనుక్కోవాలి. వస్తూ వస్తూ పాలూ గుడ్లూ తెచ్చుకోవాలి. మధ్యాహ్నం కూర్చుని ఆదివారం ప్రసంగం రాసుకోవాలి. యాభై దాటిన మనిషి. సగం జీవితం స్కూలు బస్సు నడిపి, ఇక మిగిలింది దేవుడి పనికేనని మినియాపోలిస్ వచ్చి, పాస్టర్లను తయారుచేసే సెమినరీలో చేరింది. ఫీజుకు సెమినరీ వాళ్ల స్కాలర్‌షిప్ ఉంది. అద్దె, తిండి, పెట్రోలు మాత్రం ఆ లోన్ మీదే నడవాలి. అది రాకపోతే నెలాఖరుకు ఫ్లాట్ ఖాళీ చేసి, చదువుకు దణ్ణం పెట్టి, మళ్లీ బస్సెక్కాల్సిందే.

ఆఫీసులో డెల్బర్ట్ కంప్యూటర్ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, మళ్లీ కంప్యూటర్ వైపు చూశాడు. చెడు కబురు చెప్పాల్సి వస్తే ముందు వాతావరణం గురించి మాట్లాడడం మినెసోటా వాళ్ల మర్యాద.

"చలి బాగా ముదిరిందండీ."

"ముదిరింది."

"పైగా గాలి ఒకటి."

"గాలి సంగతి నాకు తెలుసు డెల్బర్ట్ గారూ. నా లోన్ సంగతి చెప్పండి."

అంత సూటిగా అడిగేసరికి డెల్బర్ట్ కాస్త నొచ్చుకున్నాడు. "మీరు హీబ్రూ క్లాసు వదిలేశారా?"

"నేనెక్కడ వదిలానండీ, అదే నన్ను వదిలేసింది."

"అక్కడే వచ్చింది చిక్కు. కనీసం సగం కోర్సు చదివేవాళ్లకే గవర్నమెంటు లోన్ ఇస్తుంది. మన దగ్గర సగమంటే ఐదు క్రెడిట్లు. హీబ్రూ పోయాక మీకు మిగిలినవి నాలుగున్నర."

"అర క్రెడిట్ తక్కువైతే ఆ మేరకు తగ్గించి ఇవ్వమనండి. నేనూ ఓ పూట తిండి తగ్గించుకుంటాను."

"అలా కుదరదండీ. ఐదుంటే లోన్ ఉంటుంది, లేకపోతే లేదు."

ఇద్దరూ కలిసి వెతగ్గా వెతగ్గా ఆ సమయానికి దొరికిన అర క్రెడిట్ కోర్సు ఒక్కటే. దాని పేరు మౌన ధ్యానం. శుక్రవారం పొద్దున సెమినరీ వ్యానులో బయల్దేరి సరస్సు ఒడ్డున ఉన్న ఆశ్రమానికి వెళ్లాలి, ఆదివారం రాత్రికి తిరిగి రావాలి. ఫోన్లు అక్కడ అప్పగించెయ్యాలి. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకూడదు.

"మీ వల్ల అవుతుందంటారా?" అని డెల్బర్ట్ అనుమానంగా అడిగాడు. మార్లిస్ ఆఫీసులోకి వచ్చిందంటే రెండు గదుల అవతలికి తెలుస్తుంది మరి.

"అద్దె కోసం మూగనోము పట్టలేనా?" అని ఆమె సంతకం చేసేసింది.

ఇంటికొచ్చి గ్రోవ్‌డాల్‌లో ఉన్న వెర్నాకు ఫోన్ చేసింది. గ్రోవ్‌డాల్ మూడు గంటల దూరంలో ఉన్న చిన్న ఊరు. అక్కడి లూథరన్ చర్చికి పాస్టర్‌ను పెట్టుకునే స్తోమత లేదు. అందుకని చదువులో భాగంగా మార్లిసే ప్రతి ఆదివారం వెళ్లి ప్రసంగం చేస్తుంది. అక్కడి వాళ్లంటే ఆమెకు ప్రాణం. ఆ చర్చిలో వంటగది మొదలుకొని పరలోకం దాకా అన్నీ వెర్నా ఆధ్వర్యంలోనే నడుస్తాయి.

"వెర్నా గారూ, ఈ ఆదివారం రాలేనండీ. నా లోన్ ఆగిపోయింది. ఆ పని మీదే వెళ్తున్నాను. నాకోసం కాస్త ప్రార్థన చెయ్యండి."

"అయ్యో, అంత చెప్పాలా తల్లీ," అంది వెర్నా.

మార్లిస్ చేసిన తప్పల్లా అదే. గ్రోవ్‌డాల్‌లో ఒక మనిషి కష్టం గురించి ఆ మనిషినే అడగడం మహా అమర్యాద. ఆ కష్టం గురించి ఊరంతా ప్రార్థన చేయడం మాత్రం మర్యాదే. దానికోసం వాళ్లకో ప్రార్థన గొలుసు ఉంది. ఒకరు తర్వాతి ఇంటికి ఫోన్ చేసి సంగతి చెప్పాలి, ఆ ఇంటివాళ్లు ఆ పై ఇంటికి చెప్పాలి. గొలుసు మొదటి కొస వెర్నా చేతిలో ఉంటుంది. ఆమె ఉన్నది ఉన్నట్టే చెప్పింది. "మార్లిస్‌కి లోన్ ఆగిపోయిందట ఆర్డిస్, ప్రార్థన చెయ్యి."

గొలుసులో తర్వాతి ఇల్లు ఆర్డిస్‌ది. మనసు వెన్న. శుక్రవారం ఓ ఓదార్పు మాట చెబుదామని మార్లిస్‌కు ఫోన్ చేసింది. మోగలేదు. మధ్యాహ్నం చేసింది, సాయంత్రం చేసింది. చివరికి చర్చి కోశాధికారి ఓర్లిన్‌కు చేసింది.

"ఓర్లిన్, పాపం ఫోన్ బిల్లు కూడా కట్టుకోలేకపోయినట్టుంది. కనెక్షన్ తీసేశారు."

"అంత దూరం వచ్చిందా?"

"అంతకంటే దూరమే వచ్చుంటుంది. మనకు చెప్పుకునే రకమా ఆ పిల్ల?"

శనివారం పొద్దున ఓర్లిన్‌కు ట్రాక్టర్ విడిభాగం కోసం ఎలాగూ నగరంలో పని ఉంది. దారిలో ఆర్డిస్ వాళ్లు చేసిచ్చిన హాట్‌డిష్‌లు కూడా ఇచ్చి రావచ్చనుకున్నాడు. మాంసం కూర మీద బంగాళాదుంప ఉండలు పేర్చి ఓవెన్‌లో కాల్చే ఆ వంటకం వెళ్లనిదే ఆ ఊళ్లో ఏ కష్టమూ పూర్తి కాదు. వెళ్తే మార్లిస్ కారు ఫ్లాట్ ముందు మంచులో కూరుకుపోయి ఉంది. తలుపు కొడితే పలుకు లేదు. మెట్ల పక్కన ఒక మంచం, పరుపు, విరిగిన కుర్చీ బయట పడేసి ఉన్నాయి. అవి ఇల్లు మారుతున్న పక్కవాటా కుర్రాడివి. పక్కవాటా వాళ్లను అడిగితే తేలిపోయేదే. కానీ ముక్కూమొహం తెలియని వాళ్ల తలుపు కొట్టి అడగడం ఓర్లిన్ రక్తంలో లేదు. గిన్నెలు గుమ్మం ముందు పెట్టి, కారులో కూర్చుని వెర్నాకు ఫోన్ చేశాడు.

"సామాను బయట పడేశారు వెర్నా. మనిషి జాడ లేదు."

ఆ సాయంత్రమే మార్లిస్ కోసం చందాలు పోగెయ్యడానికి చర్చి హాల్లో పాన్‌కేకుల విందు పెట్టారు. ఊరు ఊరంతా వచ్చి తిని, తిన్నదానికి పదింతలు పెట్టెలో వేసి వెళ్లింది.

ఇదంతా జరుగుతుంటే మార్లిస్ సరస్సు ఒడ్డున నోరు మూసుకుని హాయిగా కూర్చుని ఉంది. వేడి సూపు నాలుక మీద పడ్డప్పుడు ఒక్కసారి "అబ్బా" అంది కానీ, దాన్ని ప్రార్థన కింద జమ కట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఆదివారం రాత్రి ఫ్లాటుకు వచ్చేసరికి గుమ్మం ముందు మంచులో ఆరు హాట్‌డిష్‌లు రాళ్లలా గడ్డకట్టి వరసగా ఉన్నాయి. ఒక్కో గిన్నె అడుగున టేపు మీద ఒక్కో ఇంటిపేరు. గాభరాగా వెర్నాకు ఫోన్ చేసింది.

"ఏంటండీ ఇవన్నీ?"

"ఏం మాట్లాడకు తల్లీ. అంతా మేం చూసుకున్నాం," అని వెర్నా ఫోన్ పెట్టేసింది.

సోమవారం డెల్బర్ట్ ఆమెను చూడగానే, "ఇవాళ చలి కొంచెం..." అని మొదలుపెట్టాడు.

"అమ్మో. ముందు విషయం చెప్పెయ్యండి."

"మీ అర క్రెడిట్ ఎక్కింది. ఐదయ్యాయి. లోన్‌కి మీరు అర్హులే. కానీ పొద్దున్నే మీ చర్చి ఆయన వచ్చి మీ పేర చెక్కు ఇచ్చి వెళ్లాడు. లోనంటే ఫీజుకేననుకున్నారో ఏమో, ఫీజుకు మాత్రమే వాడాలని దాని మీద రాశారు."

"నా ఫీజు ఎప్పుడో కట్టేసి ఉందిగా?"

"ఉంది. ఇది మీకు బయటినుంచి వచ్చిన సాయం కింద లెక్క. చదువుకు అయ్యే మొత్తం ఖర్చులోంచి సాయాలన్నీ తీసేస్తే మిగిలినంతే లోన్ ఇవ్వాలి. అందుకని మీ లోన్ సగం తగ్గింది."

"పోనీ, ఆ చెక్కుతో అద్దె కట్టుకోవచ్చా?"

"ఫీజుకు మాత్రమే అన్నారు కదండీ. వాళ్లు వెనక్కి తీసుకుంటే మాత్రం మీ లోన్ మీకు వచ్చేస్తుంది."

మార్లిస్ వెంటనే వెర్నాకు ఫోన్ కలిపింది. ఇచ్చింది తిప్పి పంపడమంటే గ్రోవ్‌డాల్‌లో మొహం మీద కొట్టినట్టే. అందుకని మెల్లగా మొదలుపెట్టింది. "వెర్నా గారూ, ఆ చెక్కు గురించి, అంటే, ఎలా చెప్పాలో తెలియడం లేదు..."

"చాల్లేదా? నేను అప్పుడే అనుకున్నాను చాలదని. నువ్వు దిగులు పడకు," అని వెర్నా పెట్టేసింది.

బుధవారం రెండో చెక్కు వచ్చింది. మొదటిదానికంటే పెద్దది. డెల్బర్ట్ ఈసారి వాతావరణం ఊసే ఎత్తలేదు. "లోన్ మొత్తం పోయిందండీ," అని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

ఆదివారం మార్లిస్ కారు తీసింది. దారి పొడుగునా మర్యాదగా చెప్పే మాట ఒక్కటైనా దొరుకుతుందేమోనని వెతుక్కుంది, దొరకలేదు. చర్చిలో అడుగుపెట్టేసరికి అందరూ కోట్లు, టోపీలు, చేతి తొడుగులతో సహా కూర్చుని ఉన్నారు. తన మొహం చూసి లేచి వెళ్లిపోవడానికే సిద్ధంగా ఉన్నారేమో అనిపించింది ఆమెకు. ప్రసంగం కాగితాలు పక్కన పెట్టేసింది.

"నన్నెవరూ ఇంట్లోంచి గెంటలేదు. ఒక క్లాసు కోసం మూడు రోజులు ఫోన్ ఇచ్చేసి నోరు మూసుకున్నాను, అంతే. నా ఫీజు ముందే కట్టేసి ఉంది. మీరిచ్చిన డబ్బు వల్ల నాకు లోన్ ఆగిపోయింది. దయచేసి వెనక్కి తీసుకోండి. తీసుకోకపోతే నాకు అద్దెకు డబ్బు లేదు. చదువు మానేసి పోవాలి, వచ్చే నెలనుంచి ఇక్కడికి రాలేను. మిమ్మల్ని వదిలి ఉండలేను నేను. నాకు సాయం వద్దు, అప్పు కావాలి."

చెప్పడం అయిపోయేసరికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వెర్నా మొహం కందగడ్డలా అయింది. ఓర్లిన్ టోపీ తీసి లేచాడు.

"రెండు చెక్కులూ సెమినరీ వాళ్లు వెనక్కి ఇచ్చేస్తారంటావా?"

"రెండూ."

"రెండోది కూడానా? కచ్చితంగా?"

"కచ్చితంగా."

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆ ఊపిరి తెల్లగా ఆవిరై పైకి లేచింది.

"బతికించావు తల్లీ," అన్నాడు ఓర్లిన్. "రెండోది హీటర్ బాగుచేయించడానికి దాచుకున్న డబ్బు. శుక్రవారం హీటర్ కాస్తా పోయింది. ఇచ్చాక అడగలేం కదా. వసంతం దాకా కోట్లు వేసుకుని కూర్చుందామని అనుకున్నాం."

"ముందు ఆ పిల్లని ఓ మాట అడగండని నేను చెప్పాను," అంది వెర్నా.

"నువ్వెప్పుడు చెప్పావు?" అంది ఆర్డిస్.

"పైకి చెప్పలేదు. అనుకున్నాను."

అయితే ఓటుతో బయటికెళ్లిన డబ్బు ఓటు లేనిదే తిరిగి రాకూడదు, చర్చి నియమం అది. అప్పటికప్పుడే సభ పెట్టారు. మార్లిస్‌ను అప్పులో దించాలని వెర్నా ప్రతిపాదించింది. ఆర్డిస్ బలపరిచింది. తొడుగులతోనే అన్ని చేతులూ లేచాయి. వంటగది కర్టెన్ల రంగు మీద కూడా రెండు ముఠాలుగా చీలిన ఆ చర్చిలో ఏకగ్రీవంగా నెగ్గిన తీర్మానం ఇప్పటికీ అదొక్కటే.