గండిలో నిలబడ్డ ఊరు

శ్రావణమాసపు వరదకు పాలమెరక దగ్గర ఏటిగట్టుకు గండి పడినప్పుడు ఊరివాళ్ళంతా వెళ్ళి అందులో నిలబడ్డారు, నీళ్ళు ఆగిపోయాయి, అప్పటినుంచి అక్కడ వాళ్ళే గట్టు. గట్ల శాఖ ఇంజనీరు గారు పడవలో వచ్చి, ఇనప ఊచతో అక్కడక్కడా పొడిచి చూసి, పటిష్ఠంగా ఉందన్నారు. గండి పూడినట్టు ఆ సాయంత్రమే పై ఆఫీసుకు కబురు వెళ్ళింది. దేనితో పూడిందని పై ఆఫీసు అడగలేదు. అలా అడిగే ఆనవాయితీ లేదు.

నిలబడటంలో ఒక పద్ధతి ఉంది. అడుగు వరసవాళ్ళు నడుం లోతు నీళ్ళలో ఉండేవారు. వాళ్ళ భుజాల మీద రెండో వరస, ఆ పైన మూడోది. అన్నిటికన్నా పైన, గాలి తగిలేచోట, పెద్దరైతులు, మాజీ సర్పంచి రాజుగారు. అడుగున ఊరి చివరి పేటవాళ్ళు. ఎవరెక్కడ ఉండాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో ఇళ్ళు ఎలా ఉన్నాయో గట్టులోనూ అలాగే కుదిరింది. కులమతాలకు అతీతంగా పాలమెరక ఒక్కటై నిలిచిందని పేపర్లో వచ్చింది. అందులో అబద్ధమేమీ లేదు. అందరూ నిలబడే ఉన్నారు, కుర్చీ తెప్పించుకున్న రాజుగారు తప్ప.

గట్టుకు లోపలివైపు పల్లంలో హైస్కూలు ఉంది. గండిలో నిలబడలేని ముసలివాళ్ళనీ, పిల్లలనీ అక్కడ ఉంచారు. గట్టు ఏమాత్రం జారినా నీళ్ళు ముందు వెళ్ళేది ఆ బడిలోకే. ఇది అడుగు వరసలో అందరికీ తెలుసు.

ఇంత జరిగాక ప్రభుత్వం ఊరుకోలేదు, సుహాసినిని పంపింది. ఆమె కర్నూలు వైపు పిల్ల, సోషల్ వర్క్ చదివింది, మనసున్న మనిషి. ఆపదలో ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి మీకేం లేదు అని అడిగితే వాళ్ళు ఇంకా కుంగిపోతారనీ, మీకేం ఉంది అని అడిగితే లేచి నిలబడతారనీ ఆమెకు శిక్షణలో చెప్పారు. మంచి మాటే. కాకపోతే పాలమెరకవాళ్ళు అప్పటికే నిలబడి ఉన్నారు, వాళ్ళకు కావలసింది కూర్చోవడం.

అడుగు వరస మధ్యలో పళ్ళాలమ్మ అనే ఆవిడ ఉండేది. ఎడమచెయ్యి బేబమ్మ పిన్ని నడుం చుట్టూ, కుడిచెయ్యి ఇంకెవరి చంకలోనో బిగిసి ఉండేవి. మొగుడు ఏసుబాబు అదే వరసలో ఆ చివర ఉన్నాడు. కనిపించడు, దగ్గితే తెలుస్తుంది. నాలుగేళ్ళ కూతురు సిరి బళ్ళో ఉంది.

"మీలో ఉన్న బలం ఏమిటో మీ మాటల్లో చెప్పండమ్మా" అంది సుహాసిని, పడవలోంచి వంగి.

"బలవేం ఉంటదండి. మా పిల్ల అన్నం తింటం లేదంటండి. నేను పెడితేగాని ముట్టదండి. నా బదులు ఓ నాలుగు ఇసకమూటలేయిత్తే, ఓ పూట ఎల్లి పెట్టేసి వచ్చేత్తానండి."

ఇసకమూట అనేది లోటు. లోటు గురించి రాసుకునే చోటు సుహాసిని కాగితాల్లో లేదు. పిల్ల మీద ప్రేమ మాత్రం బలమే కాబట్టి దాన్ని రాసుకుంది. ఆ తర్వాత అందరికీ వినపడేలా, "మీరు ఇంకొన్నాళ్ళు ఇలాగే నిలబడగలరని మా నమ్మకం" అంది.

"ఆయ్" అంది పళ్ళాలమ్మ. ఆయ్, ఆయ్ అంటూ గట్టు ఈ చివరినుంచి ఆ చివరిదాకా అందరూ అన్నారు.

గోదావరి జిల్లాల్లో ఆయ్ అంటే తమరు మాట్లాడుతున్నారు, మేం వింటున్నాం అని. అంతకుమించి ఏమీ లేదు. సరేనని కాదు, కుదరదనీ కాదు. ఎదుటి మనిషికి ఇచ్చే మర్యాద. సుహాసిని దాన్ని ఏకగ్రీవ అంగీకారంగా రాసుకుంది.

దాంతో పాలమెరకకు రావలసిన రాళ్ళ లారీలు తాటిలంకకు మళ్ళాయి. తాటిలంకలో గండి పడిన రోజు జనం దొరికింది పట్టుకుని పారిపోయారు. అందువల్ల అది నిస్సహాయ గ్రామం అయింది, రాళ్ళొచ్చాయి, సిమెంటొచ్చింది, పక్కా ఇళ్ళకు పునాదులు పడ్డాయి. పాలమెరకకు షీల్డు వచ్చింది. అందుకోవడానికి చేతులు ఖాళీగా ఉన్నది రాజుగారికే గనక ఆయనే అందుకున్నారు.

భాద్రపదం వచ్చేసరికి అందరి భుజాల మీదా గరిక మొలిచింది. శాఖవాళ్ళు వచ్చి వీపుల మీద సున్నంతో కొలతలు వేసి వెళ్ళారు. గట్టుమీద జీపు నడిచేది. అది వస్తున్న చప్పుడు వినపడగానే అడుగు వరసవాళ్ళు ఊపిరి బిగబట్టి, వెళ్ళాక వదిలేవారు. పళ్ళాలమ్మ వచ్చేపోయే పడవవాళ్ళందరినీ ఒకటే అడిగేది, పిల్ల తిందా అని. తిందనే చెప్పేవారు. అబద్ధం చెప్పేటప్పుడు మనుషులు మొహం ఎటు తిప్పుకుంటారో ఆమెకు తెలుసు.

సుహాసిని రోజూ బడికి వెళ్ళి సిరికి తినిపించబోయేది. ఒకనాడు ముద్ద కలిపి, "తింటావా తల్లీ?" అని అడిగింది.

"ఆయ్" అంది సిరి, నోరు గట్టిగా మూసుకుంది.

సుహాసిని ముద్ద తిరిగి కంచంలో పెట్టేసింది. పక్కనున్న ముసలామెను, ఆయ్ అంటే ఏమిటండీ అని అడిగింది. "అంటే ఏవుందమ్మా, ఇంటన్నాం అని" అంది ముసలామె. సుహాసినికి ఏడుపొచ్చింది. తను ఊరంతటినీ ఒప్పించలేదు, ఊరంతా తను చెప్పింది విన్నారు, అంతే.

ఆమె వెంటనే ఇంజనీరు గారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన కసురుకునే మనిషి కాదు. కుర్చీ చూపించి, మజ్జిగ ఇప్పించి, అంతా విన్నారు.

"వాళ్ళు సరే అనలేదంటారు. ఒప్పుకుంటాను. మరి మావల్ల కాదు అన్నారా?"

"అనలేదండి."

"అనమనండి. ఆ ఒక్క మాట నా చెవిన పడితే చాలు, రేపే రాళ్ళు తోలిస్తాను."

ఆయన మాట తప్పే మనిషి కూడా కాదు. మర్నాడు పొద్దున్నే గట్టుమీదికి వచ్చి నిలబడ్డారు. సుహాసిని నీళ్ళలోకి దిగి పళ్ళాలమ్మ పక్కకు చేరింది. "ఒక్కమాట అనండమ్మా. మావల్ల కాదని గట్టిగా అనండి. సాయంత్రానికి మీరు పాప దగ్గరుంటారు" అని బతిమాలింది.

పళ్ళాలమ్మ ఒకసారి బడివైపు చూసింది. "మావల్ల..." అని మొదలుపెట్టింది.

ఆ మాటకే ఆమె నడుం పక్కన, బేబమ్మకూ తనకూ మధ్య, సందు పడింది. వేలిలావు నీటిధార బుసకొట్టుకుంటూ లోపలికి దూకి, పల్లంలోకి, బడిమెట్ల వైపు పారింది. మనుషుల గట్టు గుణమే అంత. మట్టిగట్టు ఎవరేమన్నా పట్టించుకోదు. మనుషులతో కట్టినదైతే, మావల్ల కాదనుకున్నచోట వదిలేస్తుంది.

"అనవాకే!" అంది బేబమ్మ. "పిల్లలున్నారక్కడ!"

పళ్ళాలమ్మ నోరు మూసుకుంది. పళ్ళు బిగించింది. ధార సన్నబడి చెమ్మగా మారింది.

"అన్నదండీ! మీరు విన్నారు కదా!" అంది సుహాసిని పైకి చూస్తూ.

"సగమే విన్నానమ్మా" అన్నారు ఇంజనీరు గారు. ఆయన గొంతులోనూ బాధ ఉంది. పళ్ళాలమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. ఇంజనీరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, కారిన చోటును గట్టు తనంతట తానే మరమ్మతు చేసుకోగలుగుతోందని గుమాస్తాకు చెప్పి రాయించి, వెళ్ళిపోయారు.

చెమ్మ మాత్రం పోలేదు. పళ్ళాలమ్మ పిల్ల గురించి అడిగినప్పుడల్లా ఎక్కువయ్యేది. ఎందుకు కారుతోందో సుహాసినికి అర్థమైంది. రాళ్ళు ఎలాగూ రావు. తల్లి అక్కణ్ణుంచి కదలలేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. సిరిని ఎత్తుకుని గట్టు దగ్గరికి తీసుకొచ్చింది.

పిల్ల తల్లిని చూసి కేకపెట్టింది. పళ్ళాలమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సుహాసిని ముద్దలు కలిపి ఒక్కొక్కటే పళ్ళాలమ్మ నోటికి అందించింది. పళ్ళాలమ్మ మెడ వంచి ఆ ముద్దను పెదాలతోనే కూతురి నోట్లో పెట్టింది. ఎన్నాళ్ళ ఆకలో, సిరి గబగబా తినేసింది. తిన్నాక నిద్రొచ్చి, అమ్మకూ బేబమ్మకూ మధ్యనున్న సందులోకి దూరి ముడుచుకుంది. సందు సరిగ్గా ఆ పిల్లంతే ఉంది. చెమ్మ ఆరిపోయింది.

సుహాసిని ఎత్తుకోబోతే పళ్ళాలమ్మ తల అడ్డంగా ఊపింది. "ఉండనియ్యండి. ఎన్నాళ్ళకో పడుకుందండి" అంది. బేబమ్మతో, "కూతంత అటు జరుగు పిన్నీ, పిల్లకి ఇరుగ్గా ఉంది" అంది. బేబమ్మ జరిగింది. ఆమెను ఆనుకుని ఉన్నవాళ్ళూ తలా కాస్త సర్దుకున్నారు.

మర్నాడు సుహాసిని పడవ ఎక్కబోతుంటే అడుగు వరసనుంచీ రెండో వరసనుంచీ తల్లులు పిలిచారు. "మా వాణ్ణి కూడా తెచ్చిపెట్టండి మేడం." ఆమె కాదనలేకపోయింది. కాదనడానికి ఏ కారణమూ కనిపించలేదు. తల్లులు కుదుటపడ్డారు, పిల్లలు తింటున్నారు, వాళ్ళ వెనకే వచ్చిన ముసలివాళ్ళూ సందుల్లో సర్దుకున్నారు, గట్టు గట్టిపడింది. జిల్లాలోకెల్లా మెరుగైన పనిగా దాన్ని మెచ్చుకున్నారు. మిగతా ఊళ్ళలోనూ ఇలాగే చెయ్యమని ఉత్తర్వులు వచ్చాయి. అవి వచ్చిన రోజు సుహాసిని పడవ ఎక్కలేదు.

దసరా సెలవులయ్యాక బడి తెరిచారు. హెడ్మాస్టారు గంట కొట్టించి, ఎవరూ రాకపోయేసరికి, హాజరు పట్టీ తీసుకుని గట్టు దగ్గరికే వచ్చారు. పేర్లు పిలుస్తుంటే పిల్లలు ఎక్కడివాళ్ళక్కడే పలికారు. అంగన్‌వాడీ పిల్లల పేర్లు కూడా ఆయనే పిలిచారు. సిరి మాత్రం పలకలేదు.

"పడుకుందండి మేస్టారూ" అంది పళ్ళాలమ్మ. "లేపమంటారా?"

"వద్దులే తల్లీ, హాజరు వేసేశాను" అన్నారాయన.

పట్టీ చంకలో పెట్టుకుని ఆయన వెనక్కి నడిచారు. దారి పొడవునా నేల ఆరి ఉంది. బడి వరండాలోకానీ గదుల్లోకానీ చుక్క నీరు లేదు. ఆయన ఒక్కో గదీ తెరిచి చూసి, బల్లల మీద దుమ్ము దులిపించి, తలుపులకు తాళాలు వేయించారు.