నాలుగు వైపులా రింగులున్న తెరచాప

2003 జనవరి 25, శనివారం. పొద్దున్నే రైలు దిగి, జహేదా కట్టి తెచ్చిన జొన్నరొట్టెలు, గుడ్ల ఖాగినా తిన్నాం. మధ్యాహ్నం వరకు ఎవరి అనుమతీ అక్కరలేకుండా జరిగిన పని అదొక్కటే. ఎందుకంటే సముద్రం ప్రజలందరిదీ. దాన్ని చూడటం మాత్రం తెరచాపల ఉత్సవ సంఘానిది.

ఆ రేవు పట్టణం పేరు రాయను. డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు వంతులవారీగా దిగిన పాత ఊరు (వాళ్ళను ఎవరూ పాసులు అడిగిన దాఖలాలు లేవు). మేం ముగ్గురం మేడ్చల్ నుంచి వెళ్ళాం. హైవే పక్కన లారీలకు టార్పాలిన్లు కుట్టే అన్వర్, అతని భార్య జహేదా, పక్కింట్లో ఉండే నేను.

మేడ్చల్‌కు, తెరచాపకు సంబంధం ఏమిటని అడిగేవారికి టెండరు విధానం తెలియదన్నమాట. సంఘం ధరల పట్టికలో తెరచాప అనే సరుకు లేదు. దానికి దగ్గరగా ఉన్నది ‘కప్పుడు గుడ్డ, లారీ’. ఆ పేరుతోనే టెండరు పిలిచారు. రేవులో తరతరాలుగా తెరచాపలు కుట్టేవాళ్ళు ఉన్నారు గాని, వాళ్ళకు లారీ అనుభవం లేదు.

ఆ విధంగా పని అన్వర్‌కు వచ్చింది. శామీర్‌పేట చెరువు కట్ట మీద గుడ్డ పరిచి కొలతలు చూస్తుంటే, గొర్లు కాసే గండయ్య వచ్చి ఎవరి పెండ్లని అడిగాడు. సంఘం పంపిన బొమ్మలో తాళ్ళు కట్టే ఇత్తడి రింగులు రెండు అంచులకే ఉన్నాయి. అన్వర్‌కు అది నచ్చలేదు.

“రెండు దిక్కులే కడితే తక్కింది గాలికి లేవదా సార్? పాపం, తెల్వక ఇడ్సిపెట్టిండ్రు” అని జాలిపడి, నాలుగు వైపులా దండిగా రింగులు కొట్టాడు. నేను కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి. నాకూ సబబుగానే వినిపించింది.

డబ్బు ముందే ముట్టింది (ఇది కట్టుకథ అనడానికి ఈ ఒక్క ఆధారం చాలు). అన్వర్‌కు కావలసింది వేరు. “ముప్పై ఏండ్ల సంది గాలి సొర్రకుండ కుడుతున్న సార్. గాలి నింపనీకె కుట్టింది గిదొక్కటే. అది నిండితె ఎట్లుంటదో ఒక్కపారి సూడాలె” అన్నాడు. దానికోసమే బయలుదేరాం.

పాసుల కౌంటరులో నాగమణి అనే అమ్మాయి ఉంది. అన్వర్ దంపతులకు పాసు వెంటనే ఇచ్చింది. నా దగ్గర ఆగింది.

“దంపతుల పాసులేనండి. ఒంటరి మగవాళ్ళకి సముద్రం ఇవ్వట్లేదండి. మీ ఆవిడ పేరు?”

“మనోరమ. పోయి నాలుగేళ్ళయిందమ్మా.”

నాగమణి పాసు మీద ఆ పేరు రాసింది. వెనక వరుస గొణుగుతోంది. పేరు పక్కన ‘వెనక వస్తున్నారు’ అని చేర్చి, ముద్ర కొట్టి, “కుర్చీలు రెండూ మీవేనండి” అంది, తల ఎత్తకుండా.

నా పక్క కుర్చీలో ఆ రోజంతా ఎవరినీ కూర్చోనివ్వలేదు. నా సంచీ పెడితే కూడా వాలంటీరు వచ్చి తీయించాడు. ఏ ఆఫీసులోనూ మనోరమకు అంత మర్యాద జరగలేదు.

కుర్చీలన్నీ వేదిక వైపు వేశారు. సముద్రం మా వీపుల వైపు ఉంది. వెనక్కి తిరిగినవాళ్ళ మీద వాలంటీర్లు విజిల్ ఊదుతున్నారు. మధ్య మధ్య సంఘం కార్యదర్శి మైకులో నిబంధనలు చదువుతున్నారు. ముఖ్య అతిథి మీట నొక్కే వరకు తెరచాపలు విప్పరాదు. భద్రత దృష్ట్యా గాలి ఉన్నప్పుడు అసలే విప్పరాదు. గాలి లేనప్పుడు విప్పవచ్చును. అప్పుడు పడవలను డీజిలు బోటు లాగును.

గాలి మూడింటికే వచ్చింది. ముఖ్య అతిథి రాలేదు.

అన్వర్ మెడ తిప్పి తిప్పి పడవలన్నీ వెతికాడు. నాలుగు విజిళ్ళు తిన్నాడు. “సార్, అన్ని పడవలు జూసిన. మన గుడ్డ ఏ కట్టెకు లేదు. పారేసిండ్రా ఏంది?” అన్నాడు.

జహేదా అప్పటికి వేదిక వైపే చూస్తోంది (ఆ జనంలో నిబంధన పాటించింది ఆమె ఒక్కతే). “అజీ, గటు సూడుండ్రి. పెద్దోళ్ళ నెత్తి మీద ఉన్నది మనదే గద?”

మనదే. మూలన ఎర్రరంగుతో ‘అన్వర్ టార్పాలిన్ వర్క్స్, మేడ్చల్’ అని కూడా ఉంది.

మేం వేదిక దగ్గరికి వెళ్ళి అడిగాం. కార్యదర్శిగారు ఎంతో సంతోషించారు. “కుట్టింది మీరేనా? షామియానా టెండరు ఖరారు కాలేదండి. చూస్తే మీదానికి నాలుగు వైపులా రింగులున్నాయి. మా సంఘం చరిత్రలో ఇంత బాగా అమరిన వస్తువు లేదండి!”

“అది పడవకు సార్” అన్నాడు అన్వర్.

“పడవకైతే గాలికి పాడైపోదూ?”

అన్వర్ నా వైపు చూశాడు. “పోదం పా సార్. ఇగ ఏం జూస్తం?”

“కూసోండ్రి జర” అంది జహేదా. “టీ అన్న తాగి పోదం. ఇంత దూరమొచ్చి పొడి నోరుతోని పోతమా?”

ఆ టీ వల్లే మేం ఇంకా అక్కడ ఉన్నాం. ఐదింటికి ముఖ్య అతిథి వచ్చి, గాలి మన జాతి సంపద అని ప్రసంగం మొదలుపెట్టారు. రెండో వాక్యంలో జాతి సంపద వేదిక మీది గుడ్డ కిందికి దూరింది. ముందు వరుస గుంజలు పైకి లేచాయి. ముఖ్య అతిథి దిగారు, మిగతా పెద్దలు వారిని దాటి దిగారు. ఒక అధికారి టోపీ తప్ప ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. వాలంటీర్లు గాలి మీద విజిల్ ఊదారు.

“పట్టుకోండి! తాళ్ళు కోసేయండి!” అని కార్యదర్శి అరిచారు.

“కొయ్యకుండ్రి!” అన్వర్ చేతిలో టీ ఒలికిపోయింది. “సార్, మీ కాల్మొక్కుత, జర ఇడ్సిపెట్టుండ్రి!”

అతన్ని చూసో, భయపడో, కత్తి పట్టినవాడు ఆగాడు. వెనక గుంజలు రెండూ నిలిచాయి. ఆ మధ్యలో గుడ్డ ఒక్కసారి చప్పుడు చేసి, నిండుగా పొంగింది. ఖాళీ కుర్చీల మీద, మేడ్చల్ పేరుతో సహా. ఒక్క కుట్టు ఊడలేదు.

“పూరీ లెక్క పొంగింది సూడుండ్రి!” జహేదా నవ్వుతోంది.

అన్వర్ ఖాళీ గ్లాసు అట్లాగే పట్టుకుని, నోరు తెరిచి నిలబడ్డాడు. నేను అతన్ని కాకుండా గుడ్డనే చూశాను. అలాంటప్పుడు మనిషి మొహం చూడకూడదు.

చీకటి పడుతుండగా కార్యదర్శి మమ్మల్ని ఆఫీసుకు పిలిపించారు. డచ్చివాళ్ళ కాలం గోదాములో ఒక గది అది. కోప్పడతారనుకున్నాం. వారు ఆ రోజు నివేదిక ముగిస్తున్నారు. విప్పిన తెరచాపలు: లేవు. వీచిన గాలి: అనధికారికం. తరువాత అన్వర్‌ను కూర్చోబెట్టి, వచ్చే ఏడాదికి ఇంకో నాలుగు తెరచాపలు కావాలన్నారు. రింగులు అన్ని వైపులా తప్పనిసరి, గుంజలు ఈసారి సిమెంటువి వేయిస్తారట. పడవల సంగతి నెమ్మదిగా ఆలోచిస్తారట.

మేం సెలవు తీసుకుని బయటికి వచ్చాం. సముద్రం మీది నుంచి మంచి గాలి వస్తోంది. దానికి కాగితాలు లేచిపోతున్నాయని, తెరచాపల ఉత్సవ కార్యదర్శిగారు మా వెనకే వచ్చి, ఆ రాత్రికి తలుపు మెల్లగా వేసుకున్నారు.