హెర్మెటికల్లీ మాయమైన పట్టా

"ఆజం! ఈ వెంకటరామారావు రంగంలోకి దిగాక దొంగకి మిగిలేది సంకెళ్ళే!" అని ప్రకటించాడు రిటైరైన ఇంగ్లీషు మాస్టారు, మూరెడు కర్రను గాల్లో తిప్పుతూ. ఆ కర్రకి నిలువెల్లా చుట్టిన నల్ల టేపు ఆజందే. "కొత్త ఆయుధమోయ్! రాత్రంతా బకెట్లో నానబెట్టి బురద వదిలించాను" అంటూ పొద్దున్నే ఆజం గొడుగుల రిపేరు కొట్టుకి వచ్చి టేపు చుట్ట పట్టుకుపోయాడు. ఇప్పుడేమో కొట్టే మూయించి వెంట లాక్కొచ్చాడు. వద్దంటే వినే మనిషా?

2009 వానాకాలం. భద్రాచలం అడవి అంచున తన గుడిసె ముందు భీమక్క కూలబడి ఉంది. పోడు భూమి పట్టా పోయింది. మధ్యాహ్నం సర్వేయరు వస్తాడు. కాగితం చూపకపోతే ఆమె చేను కొలవడు.

"యాడ పెట్టినవక్కా?" అన్నాడు ఆజం.

"చూరుల. వెదురు గొట్టంల పెట్టి, మూతి తేనెమైనంతో మూసిన. నిన్న వానల మా కుక్క ఎవన్నో తరిమింది. చూస్తే గొట్టం లేదు."

"అంతర్జాతీయ ముఠా!" మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. "అయినా మైనమేమిటమ్మా? మూస్తే హెర్మెటికల్లీ మూయాలి!"

"గదేంది సారూ?"

"గాలి కూడా చొరబడకుండా అని. ఇత్తడిని బంగారం చేస్తామని తిరిగిన రసవాదులు గాజు గొట్టం మూతిని కరిగించి మూసేవారు. వాళ్ళ విద్యకి ఆదిగురువు హెర్మిస్ అట. ఆయన పేరు మీద పుట్టిందీ మాట. నీ మైనం గొట్టంలోకి ఈపాటికి నీళ్ళు దూరి, పట్టా పప్పుచారై ఉంటుంది!"

భీమక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆజంకి ఒళ్ళు మండింది.

"జర ఊకోండి సార్! ఆమె చేను పోతుంటే మీకు పాఠమా?"

అంతలో గుడిసె వెనకనుంచి కుక్క వచ్చింది. ఆజంని వదిలేసి తిన్నగా మాస్టారి మీదికి దూకింది.

"అమ్మో, నిన్నటి కుక్కే! దీనికి భయపడే కదా ఆ వానలో ఎవరి చూరులోంచో ఈ కర్ర లాక్కున్నాను!" అంటూ మాస్టారు కర్ర ఝళిపించాడు. అది కుక్కకి తగల్లేదు, రోలుకి తగిలి ఫట్‌మని పగిలింది. మైనం బిళ్ళ ఒకటి ఎగిరిపడింది. దాని వెనకే చుట్టిన కాగితం జారింది.

భీమక్క గబుక్కున విప్పి చూసింది. ఆమె పట్టానే. చుక్క తడి లేదు.

"కేసు క్లోజ్!" అన్నాడు మాస్టారు. కుక్క మాత్రం ఆయన పంచె వదల్లేదు.

"అవ్ సార్, దొంగ దొరికిండు. పట్టుకున్నది మీరు కాదు, గీ కుక్క" అన్నాడు ఆజం.

భీమక్క పట్టాని చెంపకి ఆనించుకుని ఏడుస్తూనే నవ్వింది.

"సారూ, ఆ ఎర్మిసయ్యకి మల్లెప్పుడన్న గొట్టం మూసే పనుంటే మా ఇంటికి రమ్మను. మైనం ఇస్త."