రిబ్బను కట్టిన కంచె

రోజూ ఉదయాన్నే దీపం వెలిగించి దేవుడికి దణ్ణం పెట్టుకునే పెద్దాయనకు ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. కంచె అనేది లోపల ఉన్నవాళ్ళ కోసమా, బయట ఉన్నవాళ్ళ కోసమా? దేవుణ్ణి చాలాసార్లు అడిగాడు, జవాబు రాలేదు. పక్కింట్లో ఉండే భద్రతా మంత్రిగారిని అడిగేంత ధైర్యం ఆయనకు లేదు.

అలాంటిది ఒకరోజు మంత్రిగారే పత్రికలవాళ్ళను పిలిపించి ప్రకటించారు.

"ఈ నెలాఖరు దాటాక, మా ఆవరణలోంచి కుక్క తప్పించుకోవడమనేది చరిత్రలో మాత్రమే ఉంటుంది!"

చప్పట్లు మోగిపోయాయి. దేశాన్ని కాపాడే మనిషి ఇంట్లో కుక్కే అస్తమానం పారిపోతోందని కార్టూన్లు వస్తున్న రోజులవి. ఆ కుక్క బాధ్యత మంత్రిగారి పీఏది. పీఏ పెద్దాయన భార్యకు స్వయానా తమ్ముడు.

"ఇంకొక్కసారి అది బయట కనిపించిందా, దాని వెనకే నువ్వూ పో" అని మంత్రిగారు అతనికి సెలవిచ్చారు.

ఆ మాట విన్న దగ్గరనుంచి పెద్దాయనకు అన్నం సయించడం లేదు. బావమరిదికి ఉద్యోగం లేని రోజుల్లో ముందుగది మొత్తం అతనిదే. దేవుడి పటంతో సహా పెద్దాయన వంటింట్లోకి మారాడు.

కంచెల కంట్రాక్టరు నమూనాలు పట్టుకొచ్చాడు. ప్రజాభిప్రాయం కింద పెద్దాయనను కూడా ఒక కుర్చీలో కూర్చోబెట్టారు.

చెక్క పలకలు చూసి మంత్రిగారు పెదవి విరిచారు. "వీటి వెనక నేను నిలబడితే జనానికి ఎట్లా కనిపిస్తానయ్యా?"

ఇనుప ఊచలు చూసి ఉలిక్కిపడ్డారు. "వీటి వెనక నేను కనిపిస్తే ప్రతిపక్షానికి పండగే!"

చివరికి తీగల వల ఖాయమైంది.

"ఇది తవ్వే కుక్కండీ" అన్నాడు కంట్రాక్టరు. "వలను మూరెడు లోతు భూమిలోకి దించాలి."

"దించితే?"

"తవ్వినా వలే తగులుతుందండీ."

"అదికాదయ్యా, భూమిలో ఉన్నదాన్ని నేను ప్రారంభించేదెట్లా? రిబ్బను ఎక్కడ కడతావ్?"

దూరదృష్టి అంటే అదీ. కిందికి దించాల్సిన మూరెడు వలనూ పైన అతికించేశారు. ఇంత ఎత్తు కంచె ఏ మంత్రిగారింటికీ లేదని పత్రికలన్నీ రాశాయి.

కుక్క ఆ సాయంత్రమే కిందినుంచి దూరి వచ్చి, ఎప్పటిలాగే పెద్దాయన అరుగు మీద పడుకుంది. బావమరిది మంత్రిగారి కంట పడకుండా దాన్ని ఎత్తుకుపోయాడు.

ఆయన చెవిన కూడా పడకుండా ఉన్నతస్థాయి సమావేశం జరిగింది. కుక్క కంచె దాటలేదు, కంచె కిందినుంచి వెళ్ళింది, కాబట్టి కంచెలో ఏ లోపమూ లేదని నిపుణులు తేల్చారు.

నిర్వహణ కూడా ఘనంగానే సాగింది. వారం వారం కంచెకు రంగు వేశారు. గుంతను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

"పూడ్చెయ్యొచ్చు కదరా?" అన్నాడు పెద్దాయన.

"పూడిస్తే గుంత ఉందని ఒప్పుకున్నట్టే కదా బావా!" అని బావమరిది దాని మీద ఒక పూలకుండీ పెట్టించాడు. కుక్క రోజూ కుండీని మర్యాదగా పక్కకు నెట్టి వచ్చేది.

ప్రారంభోత్సవం రోజున బ్యాండు, కెమెరాలు, దండలు అన్నీ వచ్చాయి. మంత్రిగారు కత్తెర ఎత్తారు.

"సార్, కుక్కేదీ?" అన్నాడు ఒక విలేకరి.

అందరూ వెతికారు. కుక్క పెద్దాయన అరుగు మీద కూర్చుని ఆవలిస్తోంది. బ్యాండు ఆగిపోయింది. మంత్రిగారు పీఏ వంక చూశారు. కిటికీలో పెద్దాయన భార్య నోట్లో కొంగు కుక్కుకుంది. వంటింట్లో దేవుడి పటానికి మేకు ఇంకా ఉందో లేదో గుర్తు తెచ్చుకుంటున్నాడు పెద్దాయన.

బావమరిది ముందుకొచ్చాడు. "అది బయట లేదు సార్, లోపలే ఉంది. ఆ ఇల్లు మన రెండో దశ."

"రెండో దశా?"

"విస్తరణ సార్. ఇంకో రిబ్బను కట్టొచ్చు."

మంత్రిగారి ముఖం విప్పారింది. కత్తెర కసుక్కుమంది.

వారం తిరక్కుండా పెద్దాయన ఇంటి చుట్టూ కూడా కంచె లేచింది. గేటుకు తాళం పడింది. తాళంచెవి మంత్రిగారి ఆఫీసులో ఉంటుంది. బయటికి వెళ్ళాలంటే ముందుగా అర్జీ పెట్టుకోవాలి. ఇక కుక్క ఆ అరుగు దిగితే ఒట్టు. కుక్కలు తప్పించుకోవడం దేశంలోనే మొదటిసారి పూర్తిగా ఆగిపోయిందని మంత్రిగారు ప్రకటించారు. పీఏకు ప్రమోషన్ వచ్చింది.

పెద్దాయన చేతిసంచితో గేటు దగ్గర నిలబడ్డాడు. అవతల బావమరిది కారు దిగాడు.

"కూరలైపోయాయిరా. మీ అక్క గోల పెడుతోంది."

"అర్జీ పైకెళ్ళింది బావా."

"ఎంత పైకి?"

"అది రహస్యం బావా. భద్రతా శాఖ కదా."

బావమరిది అటూ ఇటూ చూసి, కారు వెనకసీటులోంచి ఒక గునపం తీశాడు.

"ఇది నీదే బావా. ఉద్యోగం వచ్చి వేరే ఇంట్లోకి మారిన కొత్తలో మొక్కలు పాతాలని పట్టుకెళ్ళాను. ఎన్నిసార్లు అడిగావో! ఇంక మనిద్దరికీ చెల్లు."

వల కంతలోంచి గునపం మెల్లగా లోపలికి జారింది. పెద్దాయన అందుకుని చూశాడు. ఇన్నేళ్ళయినా ఎక్కడా తుప్పు లేదు. మొనకు కొత్తగా సాన పట్టించి ఉంది.